చిన్నమ్మ ఎడమచెయ్యి

చిన్నమ్మ పోయిందన్న కబురు పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఇంటి ఓనరు గారి ఫోనుకు వచ్చింది. మా ఫోను ఆ వారమంతా మూగనోము పట్టి ఉంది. ఓనరు గారు మా గుమ్మం ముందు నిలబడి, చెప్పాలా వద్దా అన్నట్టు ఒకసారి దగ్గి, చెప్పేశారు. చిక్కడపల్లిలో తన ఇంట్లోనే నల్లా నీళ్లు పట్టుకుని, మోటారు బంద్ చేసి, కుర్చీలో కూర్చుందట. మళ్లీ లేవలేదట. గుండె ఆగిపోయిందన్నారు.

నేను అప్పుడు ఒక కంప్యూటర్ మూత విప్పి ముందు పెట్టుకుని ఉన్నాను. కబురు వినగానే లేవలేదు. ప్లగ్గు పీకి, మూత బిగించి, స్క్రూలు నాలుగూ ఉన్నాయో లేదో చూసుకుని అప్పుడు లేచాను. "ఏం మనిషివే నువ్వు" అని అమ్మ ఏడుస్తూనే కసిరింది. పోయింది ఆమె సొంత చెల్లెలు మరి. కానీ మూత తీసిన పెట్టెను అలాగే వదిలి పరుగెత్తుకొచ్చానని తెలిస్తే ఆ చెల్లెలే నన్ను గుమ్మంలోంచి వెనక్కి పంపేది.

ఆవిడ ముప్ఫై ఏళ్లు ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ వర్క్‌షాపు నడిపింది. నల్లబల్ల మీద పాఠం చెప్పే లెక్చరరు కాదు, చేతులకు మసి అంటించి పని నేర్పే ఇన్‌స్ట్రక్టరు. కొప్పులో పువ్వులు పెట్టుకునేవాళ్లను, దువ్వెన గుచ్చుకునేవాళ్లను చూశాను గానీ టెస్టర్ గుచ్చుకునే మనిషిని ఆవిడనొక్కదాన్నే చూశాను. చిక్కడపల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్లినా అది కొప్పులోనే ఉండేది. టమాటాల బండి మీద వేలాడే బల్బు తీగకు తొడుగు ఊడిపోయి కనిపిస్తే బేరం అక్కడే ఆపేది. సంచీలోంచి నల్ల టేపు తీసి బండివాడి చేత చుట్టించి, తర్వాత టమాటాల సంగతి మాట్లాడేది. మార్కెట్లో ఆవిడ పేరు కరెంటమ్మ. ఆ పేరంటే ఆవిడకు లోపల్లోపల ఇష్టమే.

స్విచ్చుబోర్డు మీద పని చేసేటప్పుడు ఆవిడ ఎడమచెయ్యి కనబడేది కాదు. కొంగును నడుము చుట్టూ తిప్పి బిగించి, ఆ బిగింపులోకి ఎడమచేతిని తోసేసేది. పనంతా కుడిచేత్తోనే. నా చిన్నప్పుడు ఎందుకని అడిగితే చెప్పింది. ఒక చేతిలోంచి దూరిన కరెంటు ఇంకో చేతిలోంచి బయటికి పోవాలంటే నడుమ గుండెను దాటాలట. "దానికి తొవ్వ మనమే చూపిస్తమా బిడ్డా? రెండో చేతిని ఇంట్ల కూసోబెట్టాలె" అంది. అన్నేళ్లు అంత జాగ్రత్తగా కాపాడుకున్న గుండే ఆవిడను మోసం చేసింది. అది తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు.

నేను చెప్పదలచుకున్నది రెండేళ్ల కిందటి ఎండాకాలం సంగతి. అశోక్‌నగర్‌లో మేము కిరాయికుంటున్న ఇంటి ముందుగదే నా ఆఫీసు. అడిక్‌మెట్ నుంచి వచ్చే యూనివర్సిటీ విద్యార్థుల థీసిస్‌లు టైపు చేసి ప్రింటు తీసి ఇచ్చేదాన్ని. ఆలోచనలు వాళ్లవి, నొప్పి పుట్టే వేళ్లు నావి. ఆ పనిలోంచి బయటపడాలని ఏడాదిపాటు పొద్దున్నే నారాయణగూడ వెళ్లి ఒక సెంటర్‌లో కంప్యూటర్ మీద బిల్డింగులు కట్టడం నేర్చుకున్నాను. గోడలు, కిటికీలు, మెట్లు అన్నీ తెర మీద కట్టి, ఆ ఇంట్లోకి మనం నడిచి వెళ్తున్నట్టే చూపించవచ్చు. బషీర్‌బాగ్‌లో ఒక ఆర్కిటెక్టు నా పని చూసి, తను కట్టబోయే ఒక బడిని అలా చేసి చూపించమన్నాడు. పదిహేను రోజుల్లో బడి కమిటీ పెద్దలు వస్తారు, నీ కంప్యూటరే మోసుకొచ్చి మా ఆఫీసులో చూపించు, వాళ్లకు నచ్చితే ఇకమీద మా బొమ్మలన్నీ నీకే అన్నాడు. నచ్చకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు, నాకు తెలుసు. మళ్లీ థీసిస్‌లే.

నా కంప్యూటర్ ఏదో ఆఫీసు వాళ్లు వాడి వాడి వదిలించుకున్నది. దాని మీద ఆ బడిలో ఒక అడుగు వేసి రెండో అడుగు వేసేలోపు టీ తాగి రావచ్చు. కొత్త గ్రాఫిక్స్ కార్డు పెడితే నడక సాఫీగా సాగుతుందని సెంటర్‌లో చెప్పారు. కోఠి వెళ్లి తెచ్చాను. అరచెయ్యంత పచ్చటి పలక. పాతది పీకి కొత్తది గుచ్చి మీట నొక్కాను. ఇరవై నిమిషాలు స్వర్గం. వరండాలో నడిచాను, క్లాసుగదుల్లోకి తొంగి చూశాను. మెట్లెక్కి పై అంతస్తుకు పోతుండగా తెర నల్లబడింది. పెట్టె దానంతటదే ఆగి, మళ్లీ మొదటినుంచి మొదలైంది.

మూడు రోజులు అదే వరస. మెట్ల దగ్గరకు రాగానే చీకటి. అంగడివాడు కార్డు మార్చి ఇచ్చాడు, అయినా అంతే. సెంటర్‌లో ఒకరు వైరస్ అన్నారు. రెండువేల సంవత్సరం వస్తోంది కదా, ఇక కంప్యూటర్లన్నీ ఇట్లనే ఆగిపోతయట అన్నారు ఓనరు గారు. అమ్మ దిష్టి తీసింది. నేను పెట్టె మూత తీసేసి టేబుల్ ఫ్యాను దాని లోపలికి తిప్పి పెట్టాను. అప్పుడది నలభై నిమిషాలు నిలబడింది. కమిటీ పెద్దలు చూసేది పావుగంటే కదా, ఫ్యాను పెట్టుకునే గట్టెక్కుదాం అనుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ పెట్టెను ముట్టుకుంటే మొదటినుంచీ జివ్వుమనేది. మా వీధిలో కంప్యూటర్ ఉన్న నాలుగిళ్లలోనూ అంతే. కంప్యూటర్ అన్నాక జర కొడ్తది అనుకునేవాళ్లం, పాలు అన్నాక పొంగుతాయి అన్నట్టు. అమ్మ నా కుర్చీ కింద దేవుడి గదిలోని పీట వేసింది. కాళ్లు పీట మీద పెట్టుకుంటే జివ్వు తెలియదు. అలా ఏడాది గడిచిపోయింది.

నాలుగో రోజు చిన్నమ్మ మామిడికాయ తొక్కు డబ్బా పట్టుకుని వచ్చింది. ఫ్యాను చూసింది, పీట చూసింది. డబ్బా అమ్మ చేతికిచ్చి, పెట్టె వెనక్కి వంగి వాసన చూసింది. కొప్పులోంచి టెస్టర్ తీసి పెట్టె ఇనుముకు ఆనించింది. టెస్టర్ వెలిగింది. గోడ దగ్గరకు వెళ్లి ప్లగ్గు పీకేసింది.

"ఇయ్యాల్టి నుంచి ఇది బంద్" అంది.

నాకు ఏడుపొచ్చింది. పదకొండు రోజులే ఉన్నాయని, ఇది పోతే నా బతుకంతా టైపింగే అని మొత్తుకున్నాను. ఆవిడ విన్నది. "పదకొండుల నాలుగు నాకియ్యి. ఏడు నీకు మిగుల్తయ్. ఇయ్యకుంటే పదకొండూ దానికే పోతయ్" అంది. అప్పుడు నేనొక మాట అన్నాను, ఇప్పటికీ మింగుడుపడని మాట. నీకు వైర్లు తెలుసు గానీ కంప్యూటర్లు తెల్వదు చిన్నమ్మా అన్నాను. ఆవిడకు కోపం రాలేదు. "వైర్లే తెలుసు. నీ బొమ్మలన్ని వైర్లలకెంచే వస్తున్నయ్ గద" అని, తొక్కు డబ్బా మూత గట్టిగా పెట్టమని అమ్మకు చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే వోల్టులు కొలిచే మీటరు, కాగితం, పెన్సిలు, రబ్బరు చెప్పులు రెండు జతలు తీసుకుని వచ్చింది. కొలవడానికి మాత్రం కాసేపు పెట్టె నడపనిచ్చింది. ఇద్దరం చెప్పులు తొడుక్కున్నాం. పెట్టె లోపల అన్ని భాగాలకూ కరెంటు పంచే ఇనప డబ్బా ఒకటుంటుంది, దాన్ని పవర్ సప్లై అంటారు. దాంట్లోంచి వచ్చే ఎర్ర తీగ మీద అయిదు వోల్టులు ఉండాలట. ఊరికే ఉన్నప్పుడు దాదాపు అయిదు చూపించింది. నన్ను బడిలోకి నడవమంది. వరండాలో మీటరు ముల్లు కొంచెం దిగింది. క్లాసుగదుల్లో ఇంకొంచెం. మెట్ల దగ్గర నాలుగున్నర వైపు జారింది, తెర నల్లబడింది. "కార్డు తప్పు లేదు. ఎద్దు ముసల్దైంది, నువ్వు కొత్త బస్తా ఎక్కించినవ్" అంది చిన్నమ్మ.

తర్వాత కాగితం. హార్డ్ డిస్కులు రెండు, సీడీ డ్రైవు, ఫ్లాపీ, ఫ్యాన్లు, కొత్త కార్డు, మదర్‌బోర్డు, ఒక్కోదాని మీద ఏం రాసి ఉందో నా చేత చదివించి, కరెంటు ఎంత తింటుందో నా చేతే హెచ్చవేయించి కూడించింది. వచ్చిన మొత్తం పాత డబ్బా మీద రాసి ఉన్న వాట్ల కంటే కొంచెం తక్కువే. సరిపోతుంది కదా అన్నాను సంబరంగా. "సరిపోతే సాలదు, మిగలాలె. ఎండలు ముదుర్తయ్, దుమ్ము పడ్తది, రేపు నువ్వింకోటి తెచ్చి పెడ్తవ్. మిగలకుంటే అది నీ పని కాదు, దాని దయ" అంది. ఆవిడ బతుకంతా అంతే. రెండు రొట్టెలు తినే మనిషి డబ్బాలో మూడు పెట్టుకునేది, తొమ్మిదింటి బస్సుకు ఎనిమిదిన్నరకే స్టాపులో ఉండేది. మేము పిల్లలం నవ్వుకునేవాళ్లం. ఆ మూడో రొట్టె ఎప్పుడూ వర్క్‌షాపులో డబ్బా తెచ్చుకోని పిల్లకు పోయేదని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రమే కోఠి వెళ్లాం. అంగడివాడు రెండు కంపెనీల పవర్ సప్లైలు ముందు పెట్టాడు. రెంటి మీదా ఒకే అంకె, ఒకే రకం చీటీ. చిన్నమ్మ చీటీలు చదవలేదు. మార్కెట్లో సొరకాయలు చూసినట్టు ఒక్కో చేతిలో ఒకటి పెట్టుకుని పైకీ కిందికీ ఊపి చూసింది. ఒకటి దిమ్మలా ఉంది, రెండోది డొల్లగా ఉంది. "దీంట్ల సరుకున్నది. దాంట్ల కాయిదమే ఉన్నది" అని బరువున్నది నాకిచ్చింది. అంగడివాడు మొహం తిప్పుకున్నాడు.

ఇక మిగిలింది ఆ జివ్వు. గోడలోని మూడు రంధ్రాల సాకెట్టు విప్పి చూస్తే పై రంధ్రం వెనక తీగే లేదు. అలంకారానికి పెట్టిన రంధ్రం. తప్పిపోయిన కరెంటును భూమిలోకి పంపే తీగ అక్కడ ఉండాలి. కొత్త పవర్ సప్లై పెట్టినా ఎర్తింగ్ లేకపోతే పెట్టెను ముట్టనివ్వను అంది చిన్నమ్మ. ఎర్తింగ్ అంటే నేలలో లోతుగా గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు పోసి, గొట్టం దించి, దాన్నుంచి తీగ లాగాలి. గుంత అనగానే ఓనరు గారు లేచి నిలబడ్డారు. మీటరుబోర్డు ఉన్నది ఇంటికి నైరుతి మూల.

"నైరుతిల గుంత తవ్వితే ఇల్లు నిలుస్తదా అమ్మా? చదువుకున్నోళ్లు, మీరే చెప్పుండ్రి" అన్నారు.

ఆ రోజుల్లో మా వీధిలో వాస్తు పేరు చెప్పి గేటు జరపని ఇల్లు లేదు. నేనైతే వాదం పెట్టుకునేదాన్ని. చిన్నమ్మ ఆయన మొహం చూసి, ఈశాన్యంలో అయితే ఎట్లుంటదని అడిగింది. ఈశాన్యంలో గుంత మంచిదే అన్నారు ఆయన, అనుమానంగానే. దాంట్లో రోజూ నీళ్లు పొయ్యాలని చెప్పింది. ఈశాన్యంలో నీళ్లంటే ఇంకా మంచిదన్నారు. తీగ ఇల్లంతా చుట్టి రావాల్సి వచ్చింది. "తీగ పొడుగైతే లావుది ఏసుకుంటం. మనిషితోని కొట్లాట ఎందుకు" అంది నాతో. ఆ మర్నాటినుంచి ఓనరు గారి భార్య తులసికి నీళ్లు పోసి, ఆ చెంబుతోనే గుంతలో పోసేది. ఇప్పటికీ పోస్తోంది. చుట్టూ ముగ్గు కూడా పెడుతుంది.

గుంత తవ్వింది పక్క ప్లాటులో అపార్టుమెంటు పనికి వచ్చిన పాలమూరు దంపతులు. బొగ్గులు కొడుతూ ఆమె, ఇది దేనికమ్మా అని అడిగింది. చిన్నమ్మ చెప్పింది. ఆమె, "మా కాడ కాంక్రీటు కలిపే మిల్లరు ముట్టుకుంటే కరెంటు గుంజుతదమ్మా. తడి చేతులతోని ముట్టొద్దని మేస్త్రి అంటడు. తడి లేకుంట కాంక్రీటు పనెట్ల అయితది?" అంది. చిన్నమ్మ చేతిలోని బొగ్గు కింద పడేసి నేరుగా పక్క ప్లాటుకు వెళ్లింది. మేస్త్రి మొదట నవ్వాడట. ఆవిడ మిల్లరు స్విచ్చు కట్టేసి దాని పక్కనే ఇటుకల మీద కూర్చుంది. ఎర్తు తీగ బిగించేదాకా లేవలేదు. నేను ఇచ్చిన నాలుగు రోజుల్లో ఒక పూట అలా పోయింది. నేను లోపల్లోపల ఉడికిపోయాను.

ఆ పూట తిరిగి వచ్చాకే ఆవిడ ఒక పాత సంగతి చెప్పింది. వర్క్‌షాపులో సాకెట్లన్నీ నెలకోసారి పరీక్షించి రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఒక నెల పరీక్షల హడావిడిలో చూడకుండానే పెట్టింది. ఆ వారమే, ఎర్తు తీగ ఊడిపోయిన ఒక సాకెట్టు దగ్గర, ఒక పిల్ల డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని వదల్లేకపోయింది. "బతికింది. కాని రెండు వేళ్లు వంగవు. పెండ్లికార్డు తెచ్చిచ్చింది, ఆ చేత్తోనే ఇచ్చింది. చూసిన అని రాసిన బిడ్డా, చూడలే" అంది. దసరా నాడు అందరూ మిషన్లకు పసుపు కుంకుమలు పెడితే ఆవిడ ప్లగ్గుల పైనుండే ఎర్తు పుల్లకు మాత్రమే బొట్టెందుకు పెట్టేదో నాకు అప్పుడు అర్థమైంది. అన్నాళ్లూ అది చాదస్తం అనుకున్నాను.

ఆవిడ అడిగిన నాలుగు రోజుల్లో చివరి రోజు బిగింపు. ఆవిడ చెయ్యి కూడా వెయ్యలేదు, స్టూలు మీద కూర్చుంది. పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకు రెండు ప్లగ్గులు పక్కపక్కన గుచ్చాలి. రెండూ ఒకేలా ఉంటాయి. తారుమారు చేసినా దూరుతాయి, దూరితే బోర్డు బూడిదే. "నల్ల తీగలు నల్ల తీగలు నడుమల కలవాలె. అంతే యాదుంచుకో" అంది. గోడ ప్లగ్గు బయట పెట్టించి పదిసార్లు గుచ్చించి పదిసార్లు పీకించింది. ముందరి మీటకు నేరుగా ఇంటి కరెంటే వస్తుంది కాబట్టి దాని తీగల చివర్లు టేపుతో చుట్టించింది. ఒంటి మీది స్టాటిక్ కరెంటు కార్డుకు తగలకుండా, దాన్ని ముట్టే ముందు పెట్టె ఇనుమును ముట్టమంది. పాత డబ్బాలో ఏముందో చూద్దామని నేను స్క్రూడ్రైవర్ పెట్టబోతే నా చేతి మీద ఒక్కటి వేసింది. ప్లగ్గు పీకినాక కూడా దాని కడుపులో కరెంటు దాచుకుంటుందట. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆవిడ అన్న మాట ఒక్కటే. "చెయ్యి." నా ఎడమచెయ్యి చున్నీ బిగింపులోంచి ఎప్పుడు బయటికొచ్చేదో నాకే తెలిసేది కాదు. లోపల పెట్టుకునేదాన్ని, నిమిషానికి మళ్లీ బయట ఉండేది. "చెయ్యి" అనేది. ఇరవైసార్లు అయినా అని ఉంటుంది.

మీట నొక్కాను. బడిలోకి నడిచాను. వరండా, క్లాసుగదులు, మెట్లు. పై అంతస్తు చూశాను, మిద్దె ఎక్కాను, గంటసేపు తిరిగాను. ముల్లు అయిదు దగ్గర నుంచి కదల్లేదు. పెట్టె మీద అరచెయ్యి ఆనించాను. చల్లటి ఇనుము, అంతే. అమ్మ పీట తీసుకెళ్లి దేవుడి గదిలో పెట్టేసింది. చిన్నమ్మ తెర మీద క్లాసుగది చూసి, స్విచ్చుబోర్డులు పిల్లలకు అందేటట్టు పెట్టినవేంది అని, పైకి జరిపించింది. బడి ఈశాన్యం మూల ఒక ఎర్తింగ్ గుంత కూడా గియ్యమంది. ఎవరు చూస్తారని అడిగాను. గియ్యమంది, గీశాను.

మిగిలిన ఏడు రోజులూ ఒళ్లు దాచుకోకుండా పని చేశాను. బషీర్‌బాగ్ వెళ్లే రోజు పొద్దున ఆవిడ వచ్చి, హోల్డరుకు రెండు తీగలు కట్టిన చిన్న బల్బు ఒకటి నా సంచీలో పెట్టింది. కొప్పులోని టెస్టర్ తీసి నా చేతికిచ్చింది. కొప్పు ఊడి భుజం మీద పడింది. తను రానంది.

చీర కట్టుకుని, ఆటోలో పెట్టెను ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. ఆర్కిటెక్టు గారి పెద్దగదిలో కమిటీ పెద్దలు ఆరుగురు అప్పటికే కూర్చుని ఉన్నారు. మానిటరు అమర్చాను. ప్లగ్గు చేతిలో పట్టుకుని సాకెట్టు ముందు ఆగాను. బల్బు తీసి పెట్టి చూశాను. కింది రెండు రంధ్రాల్లో వెలిగింది. పై రంధ్రంతో కలిపితే వెలగలేదు. ఇక్కడా మా ఇంటి సంగతే, పై రంధ్రం అలంకారానికే. ఒక్క పావుగంట, ఎవరూ ముట్టకపోతే చాలు అనిపించింది. కానీ పెట్టె పక్కనే కుర్చీలో కూర్చున్న పెద్దాయన అప్పుడే దాని మీద చెయ్యి ఆనించి పక్కవారితో మాట్లాడుతున్నాడు.

"ఇక్కడ పెట్టను సార్. ఎర్తింగ్ లేదు" అన్నాను.

ఆర్కిటెక్టు మొహం మాడిపోయింది. రోజూ మా కంప్యూటర్లు దీంట్లోనే నడుస్తయ్ మేడం, ఎవరికి ఏం కాలే అన్నాడు. ఎవరో గడియారం చూసుకున్నారు. అయినా పెట్టను అన్నాను, వేరే గదిలో చూస్తాను అన్నాను. బల్బు పట్టుకుని ఆ ఆఫీసంతా తిరిగాను. చివరికి వెనక, బొమ్మలు ప్రింటు తీసే ఇరుకు గదిలో పై రంధ్రంతో కలిపినా బల్బు వెలిగింది. అక్కడ కుర్చీలకు చోటు లేదు. ఆరుగురు పెద్దలు కాగితపు చుట్టల మధ్య నిలబడి, ఒకరి భుజం మీదుగా ఒకరు చూస్తూ తమ బడిలో నడిచారు. మెట్ల దగ్గరకు వచ్చారు. మెట్లెక్కారు. మిద్దె మీద నుంచి చూపిస్తుంటే ఒకాయన ఈశాన్యంలో ఆ చిన్న గచ్చు ఏందమ్మా అన్నాడు. ఎర్తింగ్ గుంత, రోజూ నీళ్లు పోస్తారు అని చెప్పాను. ఆయన మిగతావాళ్ల వైపు తిరిగి, వాస్తు గూడ చూసిన్రు అన్నాడు తృప్తిగా.

ఆర్కిటెక్టు ఆ రోజు నాతో ఇంకో మాట మాట్లాడలేదు. పని పోయిందనే అనుకున్నాను. పది రోజుల తర్వాత ఒక మనిషి ఇంకో రెండు బిల్డింగుల కాగితపు చుట్టలు తెచ్చి ఇచ్చి, మా ఆఫీసు సాకెట్లు చూసే మనిషి ఎవరన్న ఉన్నరా అని సార్ అడగమన్నరు అన్నాడు. చిన్నమ్మ నెలరోజులు సెలవు రోజుల్లో వెళ్లి వాళ్ల ఆఫీసంతా సరిచేయించి వచ్చింది. నేను మళ్లీ థీసిస్ ముట్టలేదు.

కానీ ఆ రోజు బషీర్‌బాగ్ నుంచి నేరుగా చిక్కడపల్లి వెళ్లి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. పెట్టనన్నానని, పెద్దలను నిలబెట్టానని గర్వంగానే చెప్పాను. ఆవిడ టెస్టర్ వెనక్కి తీసుకుని కొప్పులో గుచ్చుకుంటూ ఒకటే అడిగింది. "సాకెట్టు చూసెటప్పుడు ఎడమచెయ్యి యాడున్నది?"

"కొంగుల" అన్నాను.

అబద్ధం. గాభరాలో ఆ చేతిని గోడకు ఆనించి నిలబడ్డాను. ఆవిడ నా వైపు చూసి, "మంచిది" అంది. నమ్మిందో లేదో ఈనాటికీ తెలియదు. చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. చిన్న విషయమే కదా, ఎప్పుడైనా చెప్పవచ్చులే అనుకున్నాను.

పదో రోజు కార్యానికి చిక్కడపల్లి ఇంటినిండా చుట్టాలు. కూలర్లు రెండు, మోటారు, అద్దెకు తెచ్చిన పెద్ద గ్రైండరు అన్నీ ఒక్కసారి నడుస్తుంటే ఇంట్లో కరెంటు పోయింది. ఎలక్ట్రీషియన్‌ను పిలవండని ఒకరు, ఫ్యూజులో లావు తీగ పెట్టండి మళ్లీ పోదు అని ఒకరు. చిన్నాయన బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆ ఇంట్లో లైటు స్విచ్చు తప్ప ఏదీ ముట్టాల్సిన అవసరం రాని మనిషి. బోర్డు పక్కన మేకుకు ఆవిడ రబ్బరు చెప్పులు అలాగే వేలాడుతున్నాయి.

చెప్పులు నాకు ఒక సైజు చిన్నవి. మడమలు బయటికి వచ్చాయి. మెయిన్ కట్టేశాను. లావు తీగ వద్దు, ఇంతకుముందు ఉన్నంతదే పెడతానని, ఒక కూలరు బంద్ చెయ్యమని చెప్పాను. ఎవరో విసుక్కున్నారు, అయినా చేశారు. చిన్నాయన ఆవిడ టెస్టర్ తెచ్చి ఇచ్చాడు. "జర పైలం" అన్నాడు. కాలిన తీగ తీసి కొత్తది చుట్టాను, ఫ్యూజు గుచ్చాను, మెయిన్ ఎత్తాను. ఫ్యాన్లు తిరిగాయి. అందరూ హమ్మయ్య అని ఫ్యాన్ల వైపు చూశారు.

చిన్నాయన మాత్రం ఫ్యాను వైపు చూడలేదు. నా నడుము వైపు చూస్తున్నాడు, కళ్లనిండా నీళ్లు. నేనూ కిందికి చూసుకున్నాను. నా ఎడమచెయ్యి కొంగు బిగింపులో ఉంది. ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు. పని అయిపోయినా దాన్ని చాలాసేపు అక్కడే ఉంచాను.